పాప నిద్రపోయిన వేళ

పాప కళ్లు మూతపడగానే ఆయా నూకరత్నం చేతి పట్టీలో పచ్చదీపం ఆరిపోయింది. దీపం వెలిగినంతసేపే జీతం. ఊళ్లో పనిచేసే వాళ్లందరి చేతులకూ ఇప్పుడవే పట్టీలు. ఊరికే కూర్చున్నందుకు కూడా డబ్బులెందుకని నూకరత్నానికి మాత్రం పాప తల్లి సుమేధే పోయిన వారం కట్టించింది.

నూకరత్నం చెప్పులు తొడుక్కుంది.

“ఎక్కడికి?” అంది సుమేధ, ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తూ, కంప్యూటర్ తెర మీంచి కళ్లు తిప్పకుండా.

“పాప లేచేదాకా నాకు పని లేదంట కదమ్మా. అలా బీచి దాకా ఎల్లొస్తాను.”

“ఈలోగా లేస్తే?”

“అందుకే కదమ్మా ఇన్నాళ్లూ కూకున్నాను.”

తలుపు మూసుకుంది.

సుమేధ పనిలో పడబోయింది. ఉయ్యాల కిర్రుమంది. లేచి తొంగి చూస్తే పాప నిద్రలోనే ఉంది. వచ్చి కూర్చుంది. ఈసారి ఏ చప్పుడూ లేదు. అది ఇంకా భయపెట్టింది. మళ్లీ లేచింది. చివరికి కుర్చీని ఉయ్యాల పక్కకు లాక్కుని, పాప ఊపిరి వింటూ ఉండిపోయింది. తెర మీద ఎవరో పిలుస్తున్నా కదల్లేదు.

కాసేపటికి తన పట్టీలోనూ దీపం ఆరిపోయింది.

“నేనేం ఖాళీగా లేను,” అంది సుమేధ దానితో, పాప లేస్తుందేమోనని గొంతు తగ్గించి.