పై వాటా టకటక

పై వాటాలో అద్దెకున్న ‘టకటక’ అంటే పిండిమర ఆయనకు ఒళ్ళుమంట.

ఆ పేరు ఆయన పెట్టిందే. ఆమె రాత్రి డ్యూటీ నర్సు. పొద్దున్నే వచ్చి పడుకుంటుంది. మధ్యాహ్నం ఈయన మర ఆపి నడుం వాల్చాడో లేదో, పైన మొదలు.

టక. టక. టకటక.

చెక్క పైకప్పు. సూది పడినా కిందికి వినిపిస్తుంది.

"ఏం దంచుతోందే అది? మేకులా?"

"పొద్దస్తమానం ఇల్లదిరేలా మర తిప్పుతారు, మీకు చప్పుడు పడదా?" భార్య నవ్వింది.

"నాది పని. దానిది గోల."

ఇల్లు తనది. ఏది గోలో తేల్చేదీ తనే.

పైగా మనసు బాగాలేదు. అల్లుడు కొత్తది కొనుక్కుని వదిలేసిన కంప్యూటర్లో ఆయన ఓ ఆట ఆడతాడు. పాట వస్తుంటే తెర మీద చుక్కలు పడతాయి. సరిగ్గా దెబ్బ మీద మీట నొక్కాలి. ఆట ఉచితం. పాటకు చుక్కలు పేర్చేదీ ఆడేవాళ్ళే. పేర్చినదాన్ని ఓ పెద్ద ఆడి చూసి ‘సరే’ అంటేనే అందరికీ అందుతుంది.

పిండిమర ఆయన ఓ డోలు పాటకు చుక్కలు పేర్చాడు. బడి మధ్యలో మానేసిన మనిషి. తన పేరు పైన ఉండి నలుగురూ ఆడుకోబోయే వస్తువు బతుకులో అదొక్కటే.

ఆ పేరు కూడా అసలుది కాదు, ‘చిన్నోడు’. జుట్టంతా నెరిశాక పెట్టుకున్నాడు.

పాటను ఇంకా తేల్చకుండా పరీక్షిస్తున్న పెద్ద పేరు ‘తాతయ్య’.

"ఏం తాతా, తేల్చవా?" అని అడిగాడు ఆటలోనే.

"ఆగరా మనవడా. రెండు చోట్ల చుక్క వెనకబడింది. మళ్ళీ మళ్ళీ ఆడితేగానీ దొరకదు."

"ఇంకెంతసేపు?"

"నా వేళ్ళు అరిగేదాకా."

ఆ కసి కూడా పై వాటా మీదికే పోయింది. ఓ మధ్యాహ్నం ధనధనా మెట్లెక్కాడు.

"ఏమ్మా, ఆ టకటక ఆపుతావా, గది ఖాళీ చేస్తావా?"

"ఒక్క వారం ఓపిక పట్టండి బాబాయ్ గారూ. ఒకాయనకు మాటిచ్చాను. పని మధ్యలో ఉంది."

"అయితే ఆయనింటికే పోయి చేసుకో!"

"ఆయనిల్లు ఎక్కడో నాకేం తెలుసు?" అని ఆ పిల్ల పకపకా నవ్వింది.

నవ్వుతూనే సామాను సర్దుకుంది. వేరే ఊరి ఆసుపత్రిలో చేరుతుందట. ఏ ఊరని ఈయన అడగలేదు.

ఇల్లు చల్లబడింది. పిండిమర ఆయన గుర్రుపెట్టి నిద్రపోయాడు.

ఆటలో తాతయ్య నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

"ముసలాడు గుటుక్కుమన్నాడేమోనే!"

"అవేం మాటలండీ, పాపం!"

"పాపం నాది. నా పాట గాల్లో వేలాడుతోంది. మనుషుల్ని నమ్మకూడదు."

వెనకబడిన ఆ చుక్కలేవో తనే వెతుక్కుందామని కూర్చున్నాడు.

"నాకు తలనొప్పిగా ఉంది, ఆ డోళ్ళు మీ చెవుల్లోనే మోగించుకోండి" అంది భార్య.

మొదటిసారి హెడ్‌ఫోన్లు తగిలించుకుని మీట నొక్కడం మొదలుపెట్టాడు.

కాసేపటికి భార్య గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

"టకటక తిరిగొచ్చిందా ఏమిటండీ?"

"ఎవరూ రాలేదు. నా పాట నేను ఆడుకుంటున్నా."

"మీ పాటేంటి? ఆ పిల్ల మధ్యాహ్నాలంతా కొట్టింది ఇదేగా! వంటింట్లో విని విని నాకు నోటికొచ్చింది. ఇదిగో, ఇక్కడికొచ్చి తడబడేది. మళ్ళీ మొదటికెళ్ళేది."

ఆమె గరిటెతో తలుపు మీద కొట్టి చూపించింది. టక. టక. టకటక. పాట లేకుండా, ఉత్త దెబ్బలు.

ఒక్క దెబ్బ కూడా తేడా లేదు.

పిండిమర ఆయన చెయ్యి మీట మీదే ఆగిపోయింది.

ఆ పాట ఇంకా బయటికి రాలేదు. ఇంత ప్రపంచంలో తన దగ్గర కాక అది ఉన్నది ఒక్క తాతయ్య దగ్గరే.