లోపల పిల్లలున్నారు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: ముక్కూ మొహం తెలియనివాడెవడో తన పాప గుట్టంతా చదివేస్తాడని.

పాపకు మూర్ఛ. ఎప్పుడొచ్చింది, ఏ మందు వేసింది, అన్నీ ఆమె ఒక యాప్‌లో రాస్తుంది. ఇలాంటి పిల్లల తల్లుల కోసం ఆమె భర్త, అన్నయ్య కలిసి ఊరికే చేసి ఇచ్చిన యాప్ అది. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు. పిల్లల వివరాలకు మాత్రం తాళం, దానికో రహస్యపు తాళంచెవి.

అందులో ఆమెకు బాగా ఇష్టమైనది చివరి గడి: "ఇవాళ్టి నవ్వు".

ఒక ఉదయం భర్త పళ్లు తోముకుంటూనే ఫోన్ చూసి నాలుక కరుచుకున్నాడు.

"ఏమైందండీ?"

"నిన్న తొందరలో తాళంచెవిని కోడ్‌లోనే వదిలేశా. గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్నాయన ఎవరో చూసి చెప్పాడు. నయం, నాకొక్కడికే రాశాడు."

"అమ్మో! మరి?"

"చెరిపేశా. ఐపోయింది."

కాలేదు. గుడ్లగూబ మళ్లీ రాసింది: "చెరిపితే పోదు. కోడ్ పాత ప్రతుల్లో అలాగే ఉంది. తాళమే మార్చండి."

"ఉన్న పని చాలక ఈయనొకడు! ఆదివారం చూద్దాంలే," అని భర్త విసుక్కున్నాడు.

భోజనాల దగ్గర మరో సందేశం. ఈసారి ఆమే చదివింది: "ఇంకా మార్చలేదు. లోపల పిల్లలున్నారు."

గరిటె గిన్నెలో పడేసి భర్త వైపు తిరిగింది.

"బెదిరిస్తున్నాడండీ! మన బుజ్జిదాన్ని చూస్తున్నాడు. వాడి వాలకం ఆ బొమ్మలోనే తెలుస్తోంది. ముందు గెంటెయ్యండి."

"అంత లేదులేవే..."

"మీకన్నీ తేలికే!"

భర్త వెతికి కనుబొమలు ముడిచాడు. "వీడికి మన యాప్‌లోనూ ఖాతా ఉంది. చాన్నాళ్లుగా ఒక్క ముక్కా రాయలేదు. రోజూ ఊరికే తెరిచి చూసి పోతున్నాడు."

"చూశారా! దొంగ కాకపోతే ఆ చూపులెందుకు?"

భర్త సందేశాలు రాకుండా ఆపేశాడు. ఖాతా కూడా తీసేశాడు.

"పీడ విరగడైంది," అని ఆమె పాపను హత్తుకుంది.

సాయంత్రం అన్నయ్య వచ్చాడు. మేనకోడలిని ఎత్తుకుని, జరిగింది సగమే విన్నాడు.

"బావా, తాళం మార్చావా లేదా?"

"చెవి చెరిపేశాగా."

"తాళంచెవి ఫొటో ఊరంతా పంచి, చెవి జేబులో దాచుకుంటే సరా? బుర్ర ఆఫీసులో వదిలేసి వచ్చావా?"

అప్పటికప్పుడు మార్చారు. పాత చెవితో ఎవరెవరు లోపలికొచ్చారో వెతికారు. ఎవరూ రాలేదు. గుడ్లగూబ కూడా.

ఆమె ఊపిరి పీల్చుకుంది.

"గుడ్లగూబా?" అన్నయ్య పాపను కిందికి దించాడు. "ఆ ఖాతానా తీసేసింది?"

"అదే. తిరిగి పెట్టేద్దామా?" అన్నాడు భర్త.

"ఎక్కడినుంచి? తీసేస్తే ఆనవాలు మిగలకూడదని మనమే కదా రాసుకున్నాం, పిల్లల గుట్టు కోసమని. ఫోన్ నంబరు కూడా దాంతోనే పోయింది."

"ఆయన మళ్లీ రాస్తాడులే అన్నయ్యా," అంది ఆమె మెల్లగా.

"ఆయన కాదమ్మా, ఆవిడ. నవ్వు గడి పెట్టమని అడిగింది ఆవిడే. మూర్ఛలు రాసి రాసి పిచ్చెక్కుతోంది, నవ్వులు కూడా రాసుకోనివ్వండి అంది." ఆపైన ఏదో చెప్పబోయి, చెల్లెలి ఒళ్లో చేరిన పాపను చూసి గొంతు తగ్గించుకున్నాడు.

విని ఆమె ఫోన్ తీసి భర్త చేతిలో పెట్టింది.

సందేశాలకు దారి తెరిచారు, తామే రాశారు కూడా. గుడ్లగూబ పలకలేదు.

ఇప్పుడు ఆ యాప్ మొదటి పేజీలో ఒక మాట ఉంది. పదితో చదువు ఆగిన ఆమె, భర్తను ఒక్క అక్షరం దిద్దనివ్వకుండా తనే రాసింది:

"గుడ్లగూబ బొమ్మ పెట్టుకునే అక్క మీకు తెలిస్తే, ఒక్కసారి ఇంటికెళ్లి ఎలా ఉందో చూసి రండి; వాళ్ల బాబు ఇప్పుడు లేడు, వాడి నవ్వులన్నీ మేం చెరిపేసిన ఖాతాలోనే ఉండేవి."