అప్పగింతకు రాని చౌగులే కాకా

నా కథల్లో కోతలుండవు. కావాలంటే కొల్హాపూర్ వైపు పాలు పోసే ఏ రైతునైనా అడగండి.

"అబ్బే, ఇది కాదు తాయీ," అన్నాడు చౌగులే, కంప్యూటర్ తెర వంక చూస్తూ. అక్కడ అక్కంటే తాయీ, బాబాయంటే కాకా.

శర్వరికి ఏడుపొక్కటే తక్కువ. "కాకా, సోమవారం మీరే కదా ఇలా కావాలన్నారు!"

"సోమవారం అన్నాను. మంగళవారం నిద్దట్లో ఆలోచించాను. రైతు పేరు పైకి తే, పాల లెక్క కిందికి నెట్టు."

పాలడెయిరీకి సాఫ్ట్‌వేర్ రాస్తున్న పుణె కంపెనీ శర్వరిది. కంపెనీ అంటే ఆమె, ఇంకో నలుగురు, ఒక అద్దెగది. చేతిలో ఉన్న పని ఇదొక్కటే. ఇది జారితే తలుపుకు తాళమే.

డెయిరీ తరఫున పని చూడ్డానికి వచ్చేవాడు చౌగులే. ఏమేం కావాలో రాసుకున్న మొదటి రోజు నుంచీ జిడ్డే. ఒప్పుకున్నది కాదంటాడు, కాదన్నదే మళ్ళీ అడుగుతాడు. టీ మాత్రం ఏనాడూ కాదనలేదు.

"ఈయనకి డెమో చూపించేకన్నా గేదెకి ఎక్కాలు నేర్పడం నయం," అనేవాడు ప్రోగ్రామర్ ఓంకార్.

నెలలు అలాగే ఈడ్చాక, రైతులకు మెసేజ్‌లు వెళ్తాయో లేదో పరీక్షించే రోజు వచ్చింది.

ఓంకార్ సరదాకి రాశాడు: 'మీ గేదె నీళ్ళిస్తోంది. రేపట్నుంచి తేవద్దు.'

ఉత్తుత్తి నంబర్లకు వెళ్ళాల్సింది, అసలు నంబర్లకు వెళ్ళింది. తాలూకాలో రైతులందరికీ.

"కొంప మునిగింది తాయీ," అన్నాడు ఓంకార్, రంగు పోయిన మొహంతో.

"కంప్యూటర్ మూసెయ్. ఎవరికీ ఫోన్ చెయ్యకు. డెయిరీవాళ్ళే చేస్తారు, తిడతారు, పని ఆపేస్తారు," అంది శర్వరి.

ఎవరూ చెయ్యలేదు. తనే చౌగులేకి చేద్దామని ఫోన్ తీసింది, పెట్టేసింది. మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టేసింది.

ఆ తర్వాత చౌగులే రావడం మానేశాడు. కొత్తగా వచ్చినవాడు ఏది చూపించినా "బాగుంది, బాగుంది" అని తలాడించేవాడు.

"పీడ విరగడైంది," అనుకున్నారు అందరూ.

అప్పగింత రోజు డెయిరీలో కంప్యూటర్‌కి కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. శర్వరి పాస్‌వర్డ్‌ల కవరు ఛైర్మన్ చేతిలో పెట్టింది. పని ముట్టిందని సంతకం చెయ్యడానికి ఆయన పెన్ను తీశాడు.

"చౌగులే కాకా రాలేదా సాహెబ్?" మర్యాదకి అడిగింది.

"ఏ మొహం పెట్టుకుని వస్తాడు? ఆ గేదె మెసేజ్ పంపింది వాడే కదా!"

శర్వరి చేతిలో కొబ్బరిముక్క నోటిదాకా వెళ్ళి ఆగింది.

"తెలియక మీట నొక్కానని వాడే ఒప్పుకున్నాడు. రైతులు గేటు ఊడబీకారు మరి, ఊరుకుంటామా? ఉద్యోగం పీకేశాం. పోతూ పోతూ కూడా ఒకటే గోల. 'ఆ పిల్లల పని మాత్రం ఆపకండి, నేను ఎన్నిసార్లు విసిగించినా విసుక్కోకుండా చేశారు' అని. మహా జిడ్డు!"

పెన్ను కాగితానికి ఆనింది.

"ఆ మీట నొక్కింది మేము సాహెబ్," అంది శర్వరి.

కోతలుండవన్నాను కదా, ఒక్కటి కోశాను. ఆ చివరి మాట శర్వరిది కాదు, నాది. సంతకం పూర్తయ్యేదాకా శర్వరి కొబ్బరిముక్క నములుతూనే ఉంది.