గంటా నలభై

ఇరవై మూడో ట్రయల్ రెండు గంటల్లో ముగిసింది. ఉదయశ్రీ షీట్‌లో రాసుకుని హమ్మయ్య అనుకుంది.

"కాలే మేడం," అన్నాడు దూలయ్య చెమట తుడుచుకుంటూ. "గంటా నలభై కావాలె."

పాల్వంచలో ఒక కంపెనీ రీసెర్చ్ విభాగంలో ఆమె ఇంజనీరు. దారి లేని గూడేల నుంచి గర్భిణులను, డోలీ కట్టి భుజాల మీద మోసే బదులు, అంబులెన్సు దాకా తెచ్చే ఒంటి చక్రం బండి తయారు చేస్తున్నారు. ముందొకరు, వెనకొకరు పట్టుకుని నడిపించాలి. గూడెం నుంచి తారురోడ్డుకు ఏడు కిలోమీటర్లు, మధ్యలో రెండు వాగులు. దూలయ్యది ఆ గూడెమే. ట్రయల్స్ కోసం పనిలో పెట్టుకున్నారు.

బండి మీద యాభై రెండు కిలోల ఇసుక మూట. ఆ బరువు దూలయ్య చెప్పిందే. మూటకు భీమక్క అని పేరు కూడా పెట్టాడు. దారి పొడుగునా దానితో మాట్లాడతాడు. చక్రం రాయెక్కి ఎగిరితే, "జర ఓర్సుకో, ఇంకొక్క వాగే" అంటాడు. వాచీలో గంటా నలభై దాటిందంటే మాత్రం ఇక నోరు మెదపడు. పందెం ఓడిన ఉక్రోషం అనుకునేది ఉదయశ్రీ.

వెనక పట్టుకునే టెక్నీషియన్ కోటేష్‌కు అదో వినోదం. "ఏంది దూలన్నా, నీ భీమక్క ఏమన్న పలుకుతాందా?"

నవ్వి నవ్వి చివరికి ఉదయశ్రీ కూడా షీట్‌లో 'లోడు: భీమక్క' అనే రాస్తోంది.

ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి మేనేజరు. ఏసీ గదిలో కూర్చున్నవాడికి ఏడు కిలోమీటర్లంటే కాగితం మీద గీత.

"రెండు గంటలొచ్చిందా? డోలీ మీద సగానికి సగం తగ్గింది. చాలు. ఇక మార్పులొద్దు, డిజైన్ ఫ్రీజ్ చేసెయ్."

"చక్రం పెద్దది వేస్తే ఇంకో ఇరవై నిమిషాలు తగ్గుద్ది సార్..."

"ఇరవై నిమిషాల కోసం ఇంకో మూడు నెలలా? అసలా గంటా నలభై ఎవరు పెట్టారు?"

ఆమె పాత షీట్లు వెనక్కి తిప్పింది. మొదట్లో గూడెం జనాన్ని కూర్చోబెట్టి, ఎంతసేపట్లో రోడ్డెక్కాలని అడిగింది. అందరూ జల్దీ అన్నారు. దూలయ్య ఒక్కడే లెక్క చెప్పాడు. ఆమె రాసుకుంది. పక్కనున్న 'ఆధారం' గడి ఖాళీగా వదిలేసింది.

ఇప్పుడు డిజైన్ కాగితాల మీద సంతకం పెట్టేసింది. కోటేష్ మూట విప్పి ఇసుక రోడ్డు పక్కన పోయబోయాడు. దూలయ్య ఉరికి వచ్చి, రెండు చేతులతో మూటనెత్తి మెల్లగా నేల మీద పడుకోబెట్టాడు.

ఫైలు మూసే ముందు ఆ గడి నింపుదామని ఉదయశ్రీ అడిగింది.

"దూలయ్యా, గంటా నలభై అనే ఎందుకు చెప్పినవ్?"

"నా పెండ్లాం భీమక్క డోలీల గంటా నలభై దాకనే మాట్లాడింది మేడం."