సున్నపు తేట

డబ్బా అడుగున తెల్లగా ఏదో పేరుకుని ఉంది.

ఆమె వేలితో తీసి చూసింది. నలిపితే పిండిలా జారింది.



హాల్లో గోడ పొడవునా ఉన్న గాజు తొట్టిలోకి ఏడు నెలలుగా పోస్తున్నది ఈ డబ్బాల నీళ్లే. సముద్రపు చేపలు, ప్రాణమున్న పగడాలు ఉన్న తొట్టి అది. నీరు ఆవిరైనకొద్దీ బాగా శుద్ధి చేసిన నీళ్లే పోస్తుండాలి. కుళాయి నీళ్లు పోస్తే పగడాలు బతకవని, తొట్టిని పగడాలతో సహా అమ్మిన షాపాయన మరీ మరీ చెప్పాడు.

కళ్లజోళ్ల దుకాణంలో రోజంతా నిలబడి ఆమె సంపాదించిందంతా దానికే పోతోంది. ఉప్పు, దీపాలు, నీటిని చల్లబరిచే మెషిను, కరెంటు. ఈ నెల చెవి కమ్మలు కూడా బీరువాలో లేవు.

"చేపలకి చల్లటి మెషిను, మనకి ఫ్యాను," అంటాడు భర్త. "నాకూ ఓ గాజు పెట్టె కొనిపెట్టు. అందులోనే పడుంటాను. అప్పుడైనా రోజుకి నాలుగుసార్లు వచ్చి చూస్తావు."

ఆమెకి నవ్వొచ్చేది కాదు. ఎవరి ముక్కు మీదో కళ్లజోడు సరిచేస్తున్నా ధ్యాసంతా ఇంటి మీదే. పంపు ఆగిందేమో. కరెంటు పోయిందేమో. మధ్యాహ్నం భోజనానికని వచ్చి, కంచం ముట్టకుండా నీళ్ల వేడి కొలిచి, మళ్లీ పరుగెత్తేది.

తలుపు చప్పుడైంది.

నీళ్లాయన. షాపు నుంచి రోజు విడిచి రోజు రెండు డబ్బాలు మోసుకుని మూడంతస్తులు ఎక్కి వస్తాడు. అరవై దాటిన మనిషి. డబ్బాలు దించాక వెంటనే వెళ్లడు. ఆయాసం తీర్చుకుంటున్నట్టు తొట్టి ముందు నిలబడిపోతాడు. ఆమెకి అది మొదటి నుంచీ చిరాకే.

"ఇదేంటండీ?" ఖాళీ డబ్బా వంచి చూపించింది.

ఆయన చూశాడు. తడబడ్డాడు.

"సున్నపు తేటమ్మా. కొంచెం కలుపుతున్నాను."

"సున్నమా? నా తొట్టిలోకా?"

"గోడలకి వేసేది కాదమ్మా, పైన తేరుకున్న తేట. పగడాలు ఒళ్లు కట్టాలంటే సున్నం కావాలి. నీళ్లలో ఉన్నదంతా అవి లాగేసుకుంటుంటాయి. మనం మళ్లీ..."

"కలపమని షాపాయన చెప్పాడా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మరెవరు చెప్పారు? కుళాయి నీళ్లు పట్టుకొచ్చి నాకు అంటగడుతున్నారా?"

"అయ్యో, లేదమ్మా."

"షాపాయన్నే అడుగుతానుండండి."

"ఆయనకి చెప్పకండమ్మా." నీళ్లాయన చేతులు జోడించాడు. "తెలిస్తే నన్నిక రానివ్వడు."

ఆ మాటతో ఆమె అనుమానం కాస్తా రూఢి అయిపోయింది.

"ఆయన దాకా ఎందుకు? నేనే చెబుతున్నాను. ఎల్లుండి నుంచి రాకండి."

ఆయన తొట్టి వైపు తిరిగి, "ఎడమ పక్కనున్న ఊదారంగుదానికి వెలుతురు ఎక్కువ పడకూడదమ్మా," అన్నాడు. చెప్పులు తొడుక్కుని, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే దిగిపోయాడు.

ఆమె షాపుకి ఫోన్ చేసింది. ఆయన్ని పంపొద్దని మాత్రం చెప్పింది, ఎందుకో చెప్పలేదు.

"అలాగేనండి. డబ్బాలు మీరే పట్టుకెళ్లాలి మరి."

మూడో వారానికి పగడాల రంగు దిగిపోయింది. కొమ్మల చివర్లు తెల్లబడ్డాయి.

ఆమె కాలు ఒకచోట నిలవలేదు. ఉప్పు మార్చింది. వెలుతురు చాలడం లేదేమోనని ఇంకో దీపం కొంది. దుకాణంలో ఒకరి కళ్లద్దాలు ఇంకొకరికి ఇచ్చేసి మాట పడింది. భర్త హాస్యాలు మానేశాడు. ఆఫీసు నుంచి వస్తూ డబ్బాలు తనే మోసుకొస్తున్నాడు. మూడో అంతస్తుకి చేరేసరికి అతని చొక్కా తడిసిపోయేది.

ఊదారంగుది మొత్తం ఎండిన ఎముకలా తెల్లబడిన రోజు, ఆమె సీసాలో తొట్టి నీళ్లు పట్టుకుని షాపుకి వెళ్లింది.

షాపాయన ఆ నీళ్లలో ఏదో మందు ఒక్కో చుక్కా వేస్తూ చూశాడు. ముఖం చిట్లించాడు.

"ఇందులో సున్నం బొత్తిగా లేదండీ. కలపడం మానేశారా?"

"నేనెప్పుడూ కలపలేదే."

"మొన్నటిదాకా మీరు ఎప్పుడు నీళ్లు తెచ్చినా సరిగ్గా ఉండేది. ఇంత పద్ధతిగా చూసుకుంటున్నారని మా ఆవిడతో కూడా అన్నాను."

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది.

"ఆ నీళ్లాయన్ని ఒక్కసారి పంపండి. కాళ్లు పట్టుకునైనా అడుగుతాను."

"లేరండీ. పోయిన వారమే ఊరు వదిలి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. ఇక్కడ నాకింకేం పని అన్నారు."

"మంచి పనివాణ్ణి మీకు లేకుండా చేశాను."

షాపాయన సీసా మూత బిగిస్తూ ఆగాడు.

"ఆయన మా పనివాడు కాదండీ. కొన్నవాళ్ల తొట్టిలో వేలు పెట్టకూడదని మాట తీసుకుని మరీ మీ ఇంటికి పంపాను. ఆ మాటే నిలబెట్టుకోలేకపోయారన్నమాట."

"మాటెందుకు తీసుకున్నారు? ఎవరాయన?"

"రిటైరయ్యాక కరెంటు బిల్లు కట్టలేక, పదహారేళ్లు పెంచిన, ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న ఆ తొట్టిని పగడాలతో సహా నాకు అమ్ముకుని, జీతం వద్దు, నీళ్లు మోసే వంకతోనైనా దాన్ని కంటితో చూసుకోనివ్వమని బతిమాలిన మనిషండీ."