1950కి ముందు

జనవరి 12, మధ్యాహ్నం మూడూ నలభై. భిలాయ్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో అరుణజ్యోతి పెట్టిన కుల ధ్రువపత్రం దరఖాస్తును గుమాస్తా కిటికీలోంచి వెనక్కి నెట్టాడు. ఇది మూడోసారి.

అరుణజ్యోతికి ఇరవై నాలుగేళ్ళు. పుట్టింది భిలాయ్‌లోనే, మరోదాలో. ఎస్సీ కోటాలో జూనియర్ ఇంజనీర్ రాతపరీక్ష పాసైంది. మర్నాడు పదింటికి పత్రాల తనిఖీ. ఈ కాగితం లేకపోతే ఉద్యోగం లేదు.

మాటలు హిందీలో జరిగాయి.

“ఎస్సీ జాబితా వచ్చిన 1950కి ముందు నుంచి మీ కుటుంబం ఇక్కడున్నట్టు రుజువేది?”

“మా తాత 1956లో టెక్కలి నుంచి వచ్చాడు సర్. స్టీల్ ప్లాంటుకి పునాదులు తవ్వాడు. 1950లో ఇక్కడ ప్లాంటే లేదు.”

“అయితే టెక్కలిలో తీసుకోండి.”

“వెళ్ళాను. భిలాయ్‌లో పుట్టినదానివి, అక్కడే తీసుకోమన్నారు.”

వెనక నిలబడ్డ శరత్ అనే విద్యార్థి అందుకున్నాడు.

“దీదీ, తప్పు తాతదే. పునాది తవ్వడానికి ఆరేళ్ళు ముందే దిగాల్సింది!”

క్యూ అంతా నవ్వింది.

“ఏటి నవ్వులాట?” అరుణజ్యోతి తెలుగులో అరిచింది.

“ఇక్కడ హిందీలో మాట్లాడండి,” అన్నాడు గుమాస్తా. “మీ నాన్నగారి పత్రం ఉందా?”

“లేదు. ఆయన ఎప్పుడూ అడగలేదు. గొడవ చేస్తే ఉన్న ఉద్యోగానికి ఎసరొస్తుందని భయం.”

గుమాస్తా కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

పక్క హాల్లో యువజన దినోత్సవ సభ. మైకులో ఒక అధికారి చెబుతున్నాడు, దేశాన్ని నిర్మించేది యువతేనని.

“విన్నారా సర్? దేశం కట్టమంటున్నారు. ఏ ఊరిదాన్నని చెప్పుకుని కట్టమంటారు?”

“నియమం నేను రాయలేదు.”

“ముద్ర వేసేది మీరేగా.”

వేశాడు. ‘తిరస్కరించడమైనది.’ కింద సంతకం, తేదీ.

“చేతులు వణకలేదు కదా సర్?”

గుమాస్తా కాగితం కిటికీలోంచి తోశాడు. తర్వాతి మనిషిని పిలిచాడు. అరుణజ్యోతి కాగితం తీసుకుని బయటికి నడిచింది.

ఐదింటికి గుమాస్తా కౌంటర్ మూసి, గేటు దగ్గర నిలబడ్డ అరుణజ్యోతి ముందు స్కూటర్ ఆపి, “ఎక్కమ్మా, ఇంటికాడ అమ్మ ఎదురు చూస్తాది” అన్నాడు తెలుగులో. కూతురు ఎక్కలేదు.