ఊడగొట్టిన కర్ర

కర్ర దెబ్బ భుజం మీద పడింది. రెండోది పడేలోపు దీపిక చాట లాక్కుని అడ్డం పెట్టింది. చాట చీలిపోయింది.

“లెక్కల్లో పన్నెండు మార్కులొచ్చినదానికి తాలింఖానా ఏంటే?” నూకరాజు మళ్లీ కర్ర ఎత్తాడు. దసరా ఊరేగింపులో తాలింఖానా కర్రసాము కోసం కూతురు రోజూ తిప్పే కర్రే అది. “అమలాపురం నడిరోడ్డు మీద కర్ర తిప్పుతావా?”

“కొట్టకండి. అది బాగా చేస్తుందని నలుగురూ అన్నది ఆ ఒక్క ఆటలోనేనండి,” అంటూ భార్య సత్యదుర్గ మధ్యలోకొచ్చింది. కర్ర ఆమె నుదురు చీల్చింది. రక్తం కంట్లోకి కారింది.

తర్వాతి దెబ్బ ఎవరికీ తగల్లేదు. దీపిక ఒక్క అడుగు ముందుకేసి తండ్రి మణికట్టు మెలిపెట్టి కర్ర ఊడగొట్టింది. అతను వెళ్లి గోడకు కొట్టుకున్నాడు. కర్ర కొస ఇప్పుడు అతని గొంతు మీద ఉంది.

నూకరాజు కళ్లు మూసుకున్నాడు. దెబ్బ పడలేదు. తెరిచి చూస్తే, కూతురు కర్రను రెండు చేతుల మీదా ఉంచి చాపుతోంది.

“తీసుకోండి నాన్నగారూ. ఊడగొట్టిన కర్ర ఎదుటివాళ్లకి తిరిగిచ్చెయ్యాలి. ఇవ్వకపోతే మా మాస్టారు ఇంక ఆడనివ్వరు.”

అతను తీసుకున్నాడు.

“దెబ్బ కాసుకోవడం కూడా ఆయనే నేర్పేరా?”

“ఆయన చెప్పి కొడతారండి,” అంది దీపిక, తల్లి నుదుటికి చున్నీ అదుముతూ. “చెప్పకుండా పడే దెబ్బ కాసుకోవడం ఇంట్లోనే వచ్చింది.”

నూకరాజు కర్రను మూలన పెట్టేద్దామని కదిలాడు.

తల్లీకూతుళ్లిద్దరూ చేతులు అడ్డం పెట్టుకున్నారు.